చిరునామా మార్చి పంపిన తీర్పు

నిన్న సాయంత్రం నిడదవోలు స్టేషను రోడ్డులో బజ్జీల బండి దగ్గర నిలబడి ఉండగా, మైకు కట్టిన ఆటో ఒకటి పక్కనుంచి నెమ్మదిగా వెళ్ళింది. సన్నటి తుంపర, కాగిన నూనె వాసన, నోట్లో మిరపకాయ మంట. వాటన్నిటి మీదుగా ఆ మైకు. ఒక్కో మాటా మూడేసిసార్లు మోగేలా పెట్టారు కాబోలు, తీర్పు దినం సమీపించిందన్న ఒక్క వాక్యం ఆటో వీధి మలుపు తిరిగేదాకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. బజ్జీలాయన చిల్లుల గరిటె పట్టుకుని అటు చూసి, "ఎవరికంటండి తీర్పు?" అన్నాడు. "మనకేనేమోనండి" అన్నాను. "మనకెందుకండి బాబూ, మనమేం చేసేం" అని నవ్వి, నా పొట్లంలో ఇంకో బజ్జీ వేశాడు. ఆ నవ్వు వినగానే నాకు సుగుణమ్మ టీచరు గారు గుర్తొచ్చారు. ఆవిడే బతికుంటే బజ్జీలు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి ఆయన్ని ప్రశ్నలు అడిగేవారు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. మండపేటకు దగ్గరలో కాలువ గట్టు మీద ఉన్న మా ఊళ్ళో హైస్కూల్లో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయిన మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. చనిపోయిన భర్త చేతిగడియారం పెట్టుకునేవారు. అది మణికట్టు మీద నిలవక మోచేతి దాకా జారుతుండేది. శనివారం మధ్యాహ్నాలు మా చర్చి వరండాలో ఆడవాళ్ళకూ, కాలేజీల్లో చదువుకునే మాలాంటివాళ్ళకూ బైబిలు పాఠం చెప్పేవారు. పాఠమంటే ఆవిడ చెప్పడం తక్కువ, అడగడం ఎక్కువ. కప్పను బల్ల మీద పరిచి ఇది ఎందుకుంది, ఇది ఏం చేస్తుంది అని పిల్లలచేతే చెప్పించిన అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రవక్తల మాటలు చదివేటప్పుడు మూడు సంగతులు అడగాలనేవారు. "ఇది ఎవరితో చెప్పేరర్రా? విని ఎవరు సంబరపడ్డారు? సంబరపడినవాళ్ళకి తరవాత ఏమైంది?" మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ఎన్నిసార్లు చదివిన అధ్యాయమైనా ఆవిడకు అప్పుడే కొత్తగా తెలియబోతున్నట్టు ఉండేది.

మా సంఘంలో, ప్రసంగంలో మనసుకు నచ్చిన మాట వస్తే కింద కూర్చున్నవాళ్ళు గట్టిగా ఆమేన్ అంటారు. ఆ జోరును బట్టి ఆ రోజు ప్రసంగం ఎలా ఉందో రోడ్డవతల టీకొట్టువాడు కూడా చెప్పేస్తాడు. ఒక శనివారం టీచరు గారు బైబిలు తెరవకుండానే లేచి నిలబడి, "ఇవాళ వరసగా తీర్పులు చదువుతాను. నచ్చినవాటికి ఆమేన్ అనండి" అన్నారు. తూకంలో మోసం చేసి రైతు నోరు కొట్టేవాళ్ళకి తీర్పు అన్నారు. ఆమేన్ అన్నాం. యానాం వెళ్ళి సీసాలు తెచ్చుకుని, తాగి పెళ్ళాల్ని కొట్టేవాళ్ళకి తీర్పు అన్నారు. వరండా రేకులు అదిరిపోయాయి. మా రత్నం పిన్ని అయితే రెండు చేతులూ ఎత్తేసింది. తూము దగ్గర అడ్డు వేసి మన పొలాలకి నీళ్ళు రాకుండా చేసే పక్క ఊరివాళ్ళకి తీర్పు అన్నారు. దానికీ ఆమేన్. ఆవిడ ఊపిరి తీసుకుని అదే గొంతుతో, "ఆదివారం ముందు వరసలో కూర్చుని పాటలు పాడి, ఇంటికెళ్ళి కోడలికి అడుగంటిన అన్నం పెట్టేవాళ్ళకి తీర్పు" అన్నారు. కాలువలో బాతుల అరుపు తప్ప ఏమీ వినపడలేదు.

టీచరు గారు కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. "పశువుల్ని కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునే ప్రవక్త ఒకాయన ఉన్నాడు కదా, ఆయన చేసింది ఇదే. ముందు చుట్టుపక్కల రాజ్యాలకి తీర్పు చదివేడు. జనం తలలూపేరు. ఆఖర్న వాళ్ళ గుమ్మంలోకే వచ్చేడు. ప్రభువు దినం వస్తే మన శత్రువుల పని అయిపోతుందని వాళ్ళు ఎదురు చూస్తున్నారు. అది మీరనుకున్నట్టు వెలుగు కాదర్రా, చీకటి అన్నాడు. ఇంట్లోకొచ్చి పడ్డాం, ఇంక పరవాలేదని గోడ మీద చెయ్యి వేస్తే పాము కరిచినట్టుంటుంది అన్నాడు." రత్నం పిన్ని మొహం మాడ్చుకుని, "ఆ సంగతి ముందే చెబితే చేతులెత్తకపోదును కదండీ" అంది. అందరం పడీ పడీ నవ్వాం. నేనూ నవ్వాను. ఆ పాఠం రత్నం పిన్నికే చెప్పారనుకున్నాను మరి.

అప్పటికి నాకు ఇరవై ఒకటి. రాజమండ్రిలో బీఈడీ చదువుతున్నాను. ముక్కు మీద కోపం. ఆ కోపానికి కారణం మా అక్క జ్యోతి. అంతకు ఏడాది ముందు అది సత్తిబాబును పెళ్ళి చేసుకుంది. వాళ్ళది యానాం దగ్గర గోదారి ఒడ్డున చేపలు పట్టే హిందూ కుటుంబం. చేపల వ్యాను మీద మా వైపు వచ్చేవాడు. ఇంట్లో చెబితే ఒప్పుకోరని ఇద్దరూ రిజిస్ట్రాఫీసులో పెళ్ళి చేసుకుని ఫోన్ చేశారు. మా సంఘంలో ఆదివారం ఆరాధనలో రొట్టె ఉన్న పళ్ళెం, ద్రాక్షరసం ఉన్న పాత్ర అందరి చేతుల మీదుగా వస్తాయి. దాన్ని మేం బల్ల అంటాం. విశ్వాసి కాని మనిషిని చేసుకున్నందుకు అక్కను బల్ల నుంచి తీసేశారు. అంటే ఎప్పుడైనా వస్తే ఆఖరి బెంచీలో కూర్చోవాలి, పళ్ళెం ఆగకుండా దాని ముందునుంచి వెళ్ళిపోతుంది. మా నాన్న ఆ రొట్టె విరిచి పంచే పెద్దల్లో ఒకడు. ఇల్లు దిద్దుకోలేనివాడు సంఘాన్ని ఎలా దిద్దుతాడని ఆయన్ని కూడా తప్పుకోమన్నారు. ఆ రోజునుంచీ నాన్న పాట పాడడం మానేశాడు. పాటలప్పుడు ఆయన పక్కన నిలబడితే ఊపిరి మాత్రమే వినపడేది. నాకు కడుపు మండిపోయేది. తీసేసిన పెద్దల మీద కాదు, అక్క మీద.

ఒకరోజు పాఠం అయ్యాక టీచరు గారి వెనకే ఇంటికి వెళ్ళి అడిగేశాను. "ఇంతకీ తప్పు చేసినవాళ్ళకి తీర్పు వస్తుందా రాదా అండీ?" ఆవిడ పెరట్లో కరివేపాకు దూస్తున్నారు. "వస్తుంది. రాకపోతే బీదవాడికి దిక్కేది? కానీ నువ్వు దేనికోసం చూస్తున్నావమ్మా? న్యాయం కోసమా, తమాషా కోసమా?" అన్నారు. నేను కింద రాలిన ఆకులు ఏరడం మొదలుపెట్టాను. "చేప మింగిన ప్రవక్త కథ ఎక్కడ అయిపోతుందో చెప్పు" అన్నారు. చేప కక్కేశాక ఆయన ఆ మహాపట్నానికి వెళ్ళి తీర్పు వస్తుందని ప్రకటించాడు, వాళ్ళు మారారు అన్నాను. "తరవాత?" తరువాత నాకు తెలియదు. "తరవాత ఆయనకి ఒళ్ళు మండిపోయింది. దేవుడు క్షమించేస్తే మరి నా మాట ఏం కాను అని, ఊరి బయట పాక వేసుకుని, పట్నం ఎలా తగలబడుతుందో చూద్దామని కూర్చున్నాడు. దేవుడొచ్చి, కుడీ ఎడమా తెలీని పిల్లలున్నారయ్యా అందులో, పశువులున్నాయి, నేను జాలిపడకూడదా అన్నాడు. ఆయనేం జవాబు చెప్పేడో రాయలేదు, అక్కడితో ఆపేసేరు. ఇన్నేళ్ళయినా నాకు అదే కుతూహలం. ఆ పాకలోంచి లేచి వచ్చేడంటావా?" అని నన్నే అడిగారు. వచ్చే ఉంటాడండి అని చెప్పి బయటపడ్డాను. నేను అప్పటికే పాక వేసుకుని కూర్చున్నానని ఆవిడకు అనుమానం వచ్చి ఉంటుంది.

ఆ వారంలోనే అక్కకు ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. నాన్న ఆ కబురు విని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నాకు ఏం తోచిందో, బుద్ధి గడ్డి తిన్నదో, బైబిలు తీసి ప్రవక్తల పుస్తకాలన్నీ వెతికాను. గోదారి ఒడ్డున ఉండేదానికి సరిగ్గా తగిలేలా నీళ్ళున్న మాట కావాలి. దొరికింది. అబద్ధాన్ని ఆశ్రయించి దాక్కున్నవాళ్ళ చోటును పొంగే నీళ్ళు ముంచెత్తుతాయని చెప్పే వాక్యం. ఆ ఒక్కదాన్నే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. ముందు మాట లేదు, వెనక మాట లేదు. రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. హమ్మయ్య, తగిలిందిలే అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మూడు నెలలకు గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. టీవీలో లంక ఊళ్ళు చూపిస్తున్నారు. కొబ్బరిచెట్ల మొదళ్ళు నీళ్ళలో, గేదెలు గట్టు మీద. నాలో మొదట కదిలింది భయం కాదు. చూశావా, అన్నట్టే అయింది అన్న తృప్తి లాంటిదేదో ఒక్క క్షణం వచ్చి పోయింది. ఆ వెనకే సత్తిబాబు బావ ఫోన్. "అమ్మా ప్రశాంతీ, మీ అక్క రానంటంది. పొద్దున్న బోటొచ్చి అందర్నీ గట్టు మీద బడికి తీసికెళ్ళిపోయింది. ఇది పిల్లనెత్తుకుని డాబా మీద కూకుంది. కింద నీళ్ళు నడుం దాటేసినియ్. నేనెక్కడికెళ్తే అక్కడికొస్తాయి ఈ నీళ్ళు, నావల్ల నలుగురూ పోతారు, నన్నిక్కడే వదిలెయ్ అంటంది. ఏదో వాక్యం వొచ్చిందంట. నాకు తెలీదమ్మా ఆ సంగతులు. నువ్వైనా చెప్పు." పిల్లకు అప్పుడు మూడు నెలలు.

చెప్పులు కూడా వేసుకోకుండా టీచరు గారింటికి పరుగెత్తాను. తలుపు దగ్గరే నిలబడి అంతా కక్కేశాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "ఏ వాక్యం?" అని మాత్రం అడిగి బైబిలు తీశారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, దాని పై వచనాల్లోకి వెళ్ళారు. "ఇది ఎవరితో అన్నాడో చదివేవా? రాజధానిలో కూర్చుని జనాన్ని ఏలేవాళ్ళతో, మాకేం కాదులే అని అబద్ధం మీద ధీమాగా ఉన్నవాళ్ళతో. బాలింతతో కాదు. నువ్వు చిరునామా మార్చి పంపేవు." పేజీ తిప్పారు. "ఆఖరిదాకా చదివేవా?" లేదన్నాను. "చివర్న రైతు గురించి ఉంది. రైతు ఎల్లకాలం దున్నుతూనే ఉంటాడా, ఎల్లకాలం నూరుస్తూనే ఉంటాడా అని అడుగుతాడు. జీలకర్రని కర్రతో తడతారు గాని బండిచక్రం ఎక్కించరు అంటాడు. నూర్చేది గింజ కోసం, పిండి చెయ్యడానిక్కాదు. పుట్టి పెరిగింది ఈ వరిపొలాల మధ్య, నీకు తెలీదా ఆ తేడా?" గడియారం మోచేతి మీదనుంచి కిందికి లాక్కుని టైము చూసుకున్నారు. "పద" అన్నారు. నేను ఫోన్‌లో చెప్తాలెండి, ఈ వయసులో మీరెందుకండి అంటే, "ఫోన్‌లో పంపిన దానికే కదా ఇలా అయింది" అన్నారు.

రెండు బస్సులు మారి ఏటిగట్టు మీద దిగాం. బావ తన ఇంజను పడవ తెచ్చి సిద్ధంగా ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి నా భుజం పట్టుకుని పడవలోకి దిగారు. నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. అరటిబోదెలు, గడ్డివాముల ముక్కలు కొట్టుకొస్తున్నాయి. దారిలో ఆవిడ ఒక్కటే మాట అన్నారు. "నేను చెప్తే చాలదు. పంపినదానివి నువ్వు." ఇల్లు కనపడింది. డాబా మీద టార్పాలిన్ కింద అక్క, ఒళ్ళో పిల్ల, పక్కన బావ వాళ్ళమ్మ. కోడల్ని వదిలి వెళ్ళనని ఆ పెద్దావిడ కూడా బోటు ఎక్కలేదు. పడవను మెట్ల దాకా తెచ్చి కట్టాడు బావ. పైనుంచి మూడో మెట్టు అప్పటికే మునిగి ఉంది.

అక్క నన్ను చూడలేదు. టీచరు గారినే చూసింది. "ఎందుకొచ్చేరండి? చిన్నప్పుడు మీరే చెప్పేరు కదండీ. దేవుడి మాట తప్పి పారిపోయిన ప్రవక్తని ఓడలోంచి తోసేస్తే గాని తుఫాను ఆగలేదు" అంది. అది ఏడుస్తూ కూడా అనలేదు. లెక్క తేలిపోయిన మనిషిలా మామూలుగా అంది. టీచరు గారు తడి మెట్టు మీదే కూర్చుండిపోయారు. "తప్పు నాదేనమ్మా. సండే స్కూల్లో చేప మింగేదాకా చెప్పేసరికి గంట కొట్టేసేవారు. మిమ్మల్ని అక్కడితో ఇంటికి పంపేసేదాన్ని. మిగతాది చెప్పనే లేదు. నీళ్ళలో పడినవాణ్ణి కూడా దేవుడు పోనివ్వలేదు. పోతే బాగుండునని ఆయన అనుకున్న ఊరిని కూడా పోనివ్వలేదు. నువ్వు సగం కథలో కూర్చుండిపోయేవు" అన్నారు.

బావ వాళ్ళమ్మకు ఈ గొడవంతా అప్పటిదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు నొక్కుకుంది. "ఓలమ్మా, ఇదా సంగతి? గోదారమ్మ ఏటా వొత్తాది కదమ్మా. ఈ పిల్ల కాపరానికి రాకముందూ వొచ్చింది, నేను రాకముందూ వొచ్చింది. నీ ఒక్కదానికోసవే వొచ్చిందంటే గోదారమ్మ నవ్విపోద్ది" అంది. టీచరు గారు ఆవిడ వైపు చూసి, "మా పెద్దలకి ఈవిడచేత ఒక ప్రసంగం చెప్పించాలి" అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. "అక్కా, అది నీకు చెప్పింది కాదు. నీళ్ళున్న మాట కావాలని వెతికి వెతికి పట్టుకున్నాను. కోపంతో పంపేను. అందులో దేవుడు లేడు, నేనే ఉన్నాను" అన్నాను. అక్క అప్పుడు నా మొహం చూసింది. "మూడు నెల్లే. రోజూ చదువుకున్నాను. ఒక్కసారి ఫోన్ చేసి చెప్పలేకపోయేవా?" అంది. అది లేచి పిల్లను నా చేతుల్లో పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుని పడవలోకి దిగింది.

మేం ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతుల్లో పిల్లను చూసి, "తడిసిందా?" అన్నాడు. లోపలికి వెళ్ళి తన ఉతికిన పంచె తెచ్చి ఇచ్చాడు. అక్కా, అత్తగారూ నాలుగు వారాలు ఉన్నారు. ఆదివారం అక్క చర్చికి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. టీచరు గారు ముప్పై ఏళ్ళుగా కూర్చునే ముందు చోటు వదిలేసి వచ్చి దాని పక్కన కూర్చున్నారు. పళ్ళెం వస్తే రొట్టె ముట్టుకోకుండా పక్కకు అందించారు. ఆరాధన అయ్యాక పెద్దాయన ఒకరు వచ్చి, "అదేంటండి టీచరు గారూ, మీరెందుకండి వెనకాల?" అన్నారు. "ఆయ్, తీర్పు ఎవరి మీద పడుతుందో ఇక్కణ్ణుంచైతే బాగా కనపడుతుందండి" అన్నారావిడ. అక్క తిరిగి వెళ్ళిపోయాక కూడా ఆవిడ ఆ బెంచీ మారలేదు. ఏడు నెలలు రొట్టె తినలేదు. ఆఖరికి పెద్దలే దిగొచ్చి, మళ్ళీ బల్లకు రమ్మని అక్కకు కబురు పంపారు. మొదటి ఆదివారం పళ్ళెం దాని దగ్గర ఆగినప్పుడు నాన్న పాట అందుకున్నాడు. శ్రుతి తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

టీచరు గారు పోయి రెండేళ్ళయింది. చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్క సంగతి అడిగారు. బాగుందండి, అదంతా మర్చిపోయింది అన్నాను. "మర్చిపోదు. మళ్ళీ అడుగుతుంది. అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పు" అన్నారు. ఆవిడ చెప్పినట్టే, ఏటా ఎగువన వానలు పడి మొదటి హెచ్చరిక అనగానే అక్క ఫోన్ చేస్తుంది. కూరలేంటి, మీ స్కూల్లో పరీక్షలయ్యాయా అని పది నిమిషాలు ఏవేవో మాట్లాడుతుంది. పెట్టేసే ముందు నవ్వుతూ, "ఈ ఏడు ఎక్కువొస్తాయంటావా?" అంటుంది. "వచ్చినా నీవల్ల కాదక్కా" అంటాను. "నాకు తెలుసులేవే" అంటుంది. ఇద్దరం కాసేపు ఫోన్ పెట్టెయ్యం.

ఈ ఏడు నేనే ముందు ఫోన్ చేస్తే, అక్క పొయ్యి దగ్గర ఉందని దాని కూతురు ఎత్తింది. ఏడేళ్ళు వచ్చాయి దానికి. మా మాటలు స్పీకర్లో ఏటా వింటున్నట్టుంది. "పిన్నీ, నీళ్ళు అమ్మవల్ల రావని ప్రతిసారీ చెప్తావు కదా. అసలు అమ్మవల్ల వస్తాయని ఎవరన్నారు?" అని అడిగింది. వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క కూడా వింటోంది. మాట మార్చేద్దామనే అనుకున్నాను, మారలేదు. "నేనే అన్నాను తల్లీ" అన్నాను.